ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రం పక్కనే: టెంట్‌తో 23 రోజులు, మేమిద్దరమే

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 16, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నాలుగు నెలల కింద ఇక్కడే "ఆంధ్ర తీరం వెంబడి కారులో, టెంట్ వేసుకుంటూ వెళ్లడం కుదురుతుందా" అని అడిగాను. చాలామంది ఓపిగ్గా చెప్పారు. వెళ్లొచ్చాం. రాస్తానని అప్పుడే మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మాది హనుమకొండ. నాకు 52, మావారికి 57. పిల్లలిద్దరూ వేరే ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పెళ్లయిన కొత్తలో విశాఖ వెళ్లి ఒక్క పూట సముద్రం చూసి రాత్రి రైలెక్కేశాం. అప్పట్నుంచీ నాకు ఒకటే కోరిక. సముద్రం పక్కనే పడుకోవాలి, ఆ చప్పుడు రాత్రంతా వినాలి. అదీ ఒక రాత్రి కాదు, మనసు నిండేదాకా.

జనవరి 20న ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి ఫిబ్రవరి 11న తడలో ఆపేశాం. మన తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పుడు చదువుకున్నాం, కొత్త లెక్కలో వెయ్యి దాటింది. పక్క రోడ్లు, చుట్టు తిరుగుళ్లు, దారి తప్పడాలు అన్నీ కలిపి మా కారు 1,780 కిలోమీటర్లు తిరిగింది. 22 రాత్రుల్లో 15 టెంట్‌లో, మిగతావి సత్రాల్లో, లాడ్జీల్లో. కారు మామూలు హ్యాచ్‌బ్యాక్, పాతది. వెనక సీటు మడిచేసి సామానంతా అక్కడే సర్దాం: టెంట్, రెండు పరుపులు, 5 కిలోల గ్యాస్ సిలిండర్, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, ఒక బియ్యం డబ్బా, మా అమ్మ పెట్టిన చింతకాయ పచ్చడి.

మొదటి రాత్రి సంగతి ముందు చెప్పాలి, తర్వాతి రోజులన్నీ దాన్ని బట్టే నడిచాయి. ఇచ్ఛాపురంలో బయల్దేరడానికే మధ్యాహ్నమైంది. బారువ చేరేసరికి పొద్దు వాలుతోంది. లైట్‌హౌస్‌కి దూరంగా, సరుగుడు తోట అంచున చదునుగా ఉన్న జాగా చూసుకుని ఎవరినీ అడక్కుండా టెంట్ సంచి విప్పాం. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె వెళ్తూ ఆగింది. అరవై దాటి ఉంటాయి. "ఏటమ్మా, ఇక్కడ తొంగుంటారేటి?" అంది. అవునన్నాను. గంప దించి, మా ఇద్దర్నీ కాసేపు చూసి, "ఇది ఆడ తాబేళ్లు గుడ్లెట్టే దారమ్మా. మీరు లైటేస్తే అవి ఎనక్కెల్లిపోతాయి. మా ఈదిలోకి రండి, గుడి పక్కన జాగా ఉంది" అంది.

ఆ మాటతో నా ముఖం చిన్నబోయింది. ఎంత చదివి, ఎన్ని వీడియోలు చూసి వచ్చాం! ముందు ఆ ఊరివాళ్లను అడగాలన్న ఆలోచన మాత్రం రాలేదు. గుడి పక్కనే వేసుకున్నాం. రాత్రి ఆమే స్టీలు గిన్నెలో నెత్తళ్ల పులుసు తెచ్చి పెట్టింది.

ఆ రోజు నుంచి మా పద్ధతి మారింది. సాయంత్రం 4 గంటలకల్లా ఊళ్లోకి వెళ్లడం, టీకొట్టు దగ్గర కూర్చోవడం, ఊరి పెద్ద ఎవరో కనుక్కోవడం, అడగడం. మిగతాది రేపు రాస్తాను.

సోంపేట కుర్రాడు
ఫిబ్రవరి 16, రాత్రి 9:48

అక్కా, మా పక్క ఊరి పేరు చూసి ప్రాణం లేచొచ్చింది. బారువ మాకు పది నిమిషాలు. మహేంద్రతనయ ఏరు అక్కడే సముద్రంలో కలుస్తుంది, పూర్వం ఓడరేవు ఊరు. తాబేళ్లు మీరు చూశారా మరి? జనవరి నుంచి మార్చి దాకా వస్తాయి కదా.

పెన్నా తీరం
ఫిబ్రవరి 16, రాత్రి 10:15

ఎంత బాగుందండీ చదువుతుంటే. ఆడవాళ్లం అడగాల్సింది నేనే అడుగుతాను, ఏమనుకోకండి. బాత్రూమ్ సంగతేంటి? మావారూ నేనూ రెండేళ్లుగా అనుకుంటున్నాం. ఈ ఒక్క టెన్షన్‌తోనే ఆగిపోతున్నాం.

టెంట్ మిత్ర
ఫిబ్రవరి 16, రాత్రి 10:40

బెంగళూరు నుంచి. ఇసుకలో టెంట్ మేకులు ఎలా నిలిపారో కూడా రాయండి మేడం. కొత్తవాళ్లు దెబ్బతినేది అక్కడే.

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 17, సాయంత్రం 7:30

ముందు పెన్నా తీరం గారికి. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మడతపెట్టే కమోడ్ స్టూలు ఒకటి, దాని చుట్టూ నిలబెట్టే చిన్న గుడారం ఒకటి కొన్నాం. రెండూ కలిపి మూడు వేల లోపే. రాత్రిపూట అవసరానికి అదే. సంచీలో రంపపు పొట్టు వేసి, మూతి కట్టి, ఊరి చెత్తబండికో పట్టణంలో డబ్బాకో చేర్చాం. తీరంలో ఒక్కటీ వదల్లేదు. పొద్దున్న పెట్రోల్ బంకులు, గుడి సత్రాలు. ఊళ్లలో అయితే ఆడవాళ్లను అడిగితే వాళ్లింటికే తీసుకెళ్లారు. స్నానానికి వేణ్ణీళ్లు కాచి ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నెలసరి రోజులు పడితే సంకోచించకుండా లాడ్జిలో దిగండి, పంతానికి పోవద్దు.

టెంట్ మిత్ర గారూ, మేకులు మొదటి రాత్రే ఊడిపోయాయి. బియ్యపు సంచుల్లో ఇసుక నింపి, మూతికి తాడు కట్టి, మోరెడు లోతు గొయ్యి తీసి పాతమని బారువలోనే వలలు బాగుచేసే ఒకాయన చెప్పాడు. గాలికి ఎదురు పక్క రెండు సంచులు, మిగతా మూలలకు ఒక్కోటి. తర్వాత ఒక్కసారి కూడా కదల్లేదు. ఖాళీ సంచులు ఆరు పట్టుకెళ్తే చాలు.

ఇక తాబేలు. రెండో రాత్రి. అటవీ శాఖ తరఫున గుడ్లు సేకరించే కుర్రాళ్లు రాత్రిళ్లు తీరం వెంట నడుస్తారు. వాళ్లతో మాట్లాడితే, టార్చ్ వేయకుండా, ఫోన్ తీయకుండా వస్తామంటే తీసుకెళ్తామన్నారు. అర్ధరాత్రి దాటాక చీకట్లో ఒక నల్లటి బండ నీళ్లలోంచి పైకి జరుగుతోంది. నాలుగు అడుగులు వేయడం, ఆగడం. ఊపిరి తీస్తే మనిషి నిట్టూర్చినట్టే వినిపించింది. పొడి ఇసుకలోకి వచ్చి వెనక కాళ్లతో గొయ్యి తీసింది. ఆ తీయడం చూడాలి! ఒక కాలు లోపలికి పోయి, చేత్తో తోడినట్టు మడతపడి ఇసుక పట్టుకుని పైకొస్తుంది, పక్కన పోస్తుంది. ఆ వెంటనే రెండో కాలు. తనకు కనపడని చోట, వెనకపక్క, కుండ ఆకారంలో గొయ్యి. కుర్రాడు ఎర్ర లైటు కొంచెంగా వేసి చూపించాడు. గుడ్లు తెల్లగా, మెత్తగా, రెండు మూడేసి జారుతున్నాయి. వందకు పైనే పెడుతుందట. కప్పేశాక ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఆ చోటిని బాది చదును చేసి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది. నేను ఏడ్చేశాను. ఎందుకో చెప్పలేను, నాకు ఇద్దరు పిల్లలు, అంతే.

ఆ గుడ్లను వాళ్లు కంచె వేసిన చోటికి మార్చారు. కుక్కలు, నక్కలు తవ్వుకుని తినేస్తాయట. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలవుతాయని చెప్పారు.

హైవే 16
ఫిబ్రవరి 17, రాత్రి 8:20

సూపర్ ట్రిప్. టెంట్ వేసిన 15 చోట్లకీ లొకేషన్ పిన్‌లు పెట్టండి. మాలాంటివాళ్లకు చాలా ఉపయోగం.

భీమిలి దీపస్తంభం
ఫిబ్రవరి 17, రాత్రి 9:05

మా వైపు ఎక్కడ ఆగారు? ఎర్రమట్టి దిబ్బల దగ్గర టెంట్ వేయలేదు కదా? అది భూవిజ్ఞాన వారసత్వ స్థలం, వేల ఏళ్ల ఇసుక. ఒక్కో అడుగుకూ రాలిపోతోంది.

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 18, రాత్రి 8:00

దిబ్బలు పొద్దున్నే వెళ్లి బయటి నుంచి చూసి వచ్చేశామండీ. మీ భీమిలిలో ఒక లాడ్జిలో ఉన్నాం. డచ్చివాళ్ల సమాధుల దగ్గర మావారు గంటసేపు కదల్లేదు. విశాఖలో కూడా గదే తీసుకున్నాం. పెద్ద ఊళ్లో టెంట్ మాట తలపెట్టలేదు, బట్టలు ఉతుక్కున్నాం, సామాన్లు కొనుక్కున్నాం.

శ్రీకాకుళం జిల్లా నాకు అన్నిటికన్నా నచ్చింది. నౌపడ ఉప్పు మళ్ల మీద పొద్దు పొడవడం. తేలినీలాపురంలో ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఊరివాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లాగే చూసుకుంటారు. కళింగపట్నంలో రెండు రాత్రులున్నాం. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర అలివి వల లాగుతుంటే మావారు కూడా తాడు పట్టారు. తీరం మీద రెండు జట్లు, మధ్యలో పెద్ద వల. గంటన్నర లాగితే చివరికి సంచి బయటికొచ్చింది. నిండా కవళ్లు, నాలుగు చందువలు, ఒక పీత. తాడు ఒరుసుకుని ఆయన అరచేతులు ఎర్రగా పొంగాయి. వాటా కింద ఇచ్చిన గుప్పెడు కవళ్లు అక్కడే వేయించాను. పక్కనే శాలిహుండం కొండెక్కితే బౌద్ధ స్తూపాల మధ్య నుంచి వంశధార మొత్తం కనిపిస్తుంది, తప్పకుండా ఎక్కండి.

రేవుపోలవరంలో మాత్రం తప్పు చేశాం. జనవరి 29, అమావాస్య. ఊళ్లో అడిగాం, జాగా చూపించారు. కానీ అలలు ఇంకా దగ్గరగా కనపడాలని నేనే మొండికేసి ఇరవై అడుగులు ముందుకు జరిపించాను. రాత్రి అన్నం తిని పడుకున్నాక కాళ్ల కింద చల్లగా తగిలింది. పోటు టెంట్‌లోకి వచ్చేసింది. చీకట్లో పరుపులు, సంచులు ఈడ్చుకుంటూ పైకి పరిగెత్తాం. ఒక ఫోన్, మావారి కళ్లజోడు పోయాయి. పొద్దున్న ఒక తాత ఇసుక మీద ఎండిన నాచు, గుల్లలు గీతలా పడి ఉన్న చోటు చూపించి, "మామూలు రోజుల్లో ఇది గీత. అమావాస్యకీ పున్నానికీ దీనికి పైన ఇంకో గీత ఉంటది" అన్నాడు. ఆ పై గీత కూడా స్పష్టంగానే ఉంది. నేను చూడలేదు.

పిన్‌ల గురించి. హైవే 16 గారూ, ఊళ్ల పేర్లు అన్నీ చెప్తాను. పిన్‌లు పెట్టను.

హైవే 16
ఫిబ్రవరి 18, రాత్రి 8:31

ఎందుకండీ? తీరం అందరిదీ కదా. మీరు చూసింది వేరేవాళ్లు చూడకూడదా?

బాపట్ల మాస్టారు
ఫిబ్రవరి 18, రాత్రి 9:12

నేను చెప్తాను నాయనా. సూర్యలంక, రామాపురం మధ్య సరుగుడు తోటల్లో ఒక చోటుండేది, మా స్కూలు పిల్లల్ని కార్తీకంలో వనభోజనాలకు తీసుకెళ్లేవాణ్ణి. ఎవరో రీల్ తీసి పిన్ పెట్టారు. ఏడాది తిరక్కుండా గాజుపెంకుల మీద నడవలేకపోయాం. తోట రైతు ముళ్లకంప వేసేశాడు. తప్పు చూసేవాళ్లది కాదు, ఎవర్నీ అడక్కుండా నేరుగా ఆ చుక్క దగ్గరికే వచ్చేవాళ్లది. ఊరి పేరు ఉంటే ఊళ్లోకి వెళ్లి అడుగుతారు. పిన్ ఉంటే ఊరు అక్కర్లేదు.

ఇంకో సంగతి, దీని కోసమైనా ఈ చర్చ అందరూ చదవాలి. మా వైపు బీచ్‌లలో ఏటా పిల్లలు పోతున్నారు. అలలు విరుగుతున్న చోట కాదు ప్రమాదం. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక దారి ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది చూడండి, ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయేది ఆ దారినే. స్నానానికి బాగుందని అందరూ అక్కడికే దిగుతారు. లాక్కెళ్తే ఒడ్డు వైపు ఎదురీదవద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి, ఆ లాగుడు వెడల్పు తక్కువే ఉంటుంది, బయటపడ్డాక అలలే తోసేస్తాయి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు. మందు తాగి అసలు దిగొద్దు.

శాన్ హోసే నుంచి
ఫిబ్రవరి 19, ఉదయం 6:55

మాస్టారి మాటకు నేనూ ఒకటి కలుపుతాను. నేనూ మా ఆవిడా కాలిఫోర్నియా హైవే 1 మీద మాంటెరీ నుంచి కింది దాకా టెంట్‌తో వెళ్లాం. 2023లో, 2024లో కొండచరియలు విరిగిపడి బిగ్ సర్ దగ్గర దారి మధ్యలో మూసేశారు, మేం అంతకు ముందే వెళ్లాం. అక్కడ స్టేట్ పార్కుల క్యాంపులు ఆరు నెలల ముందే బుక్ చేసుకోవాలి. తెరిచిన ఉదయమే అయిపోతాయి. నంబరు వేసిన జాగా, బల్ల, పొయ్యి, శుభ్రమైన బాత్రూమ్. దేనికీ లోటు లేదు. కానీ నాలుగు రోజుల్లో మేం మాట్లాడింది పెట్రోల్ బంకు మనిషితో, పార్కు రేంజర్‌తో మాత్రమే. మాది నరసాపురం అండీ. మా ఊరి దాకా వచ్చారా? గోదావరి దాటించే పంటు ఎక్కారా?

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 19, రాత్రి 9:20

ఎక్కకుండా ఉంటామా! కానీ వరసలో వస్తాను.

ఉప్పాడలో ఆగి చూసినప్పుడు మనసు బరువెక్కింది. గోడ సగం నీళ్లలో, సగం గట్టు మీద. ఒక ఇంటి గడప మాత్రం మిగిలింది, దాని మీద పసుపు ఇంకా ఉంది. ఆ ఇంటావిడ ఇప్పుడు రోడ్డు అవతల చిన్న గదిలో ఉంటోంది. సముద్రం ఏటేటా ఊరిని కోస్తోంది, రాళ్లు వేస్తారు, తుఫానొస్తే రాళ్లూ పోతాయి. ఆ పక్క వీధిలోనే మగ్గం మీద జాందానీ చీర నేస్తున్నారు. అక్కడ టెంట్ వేయాలనిపించలేదు, కాకినాడ వెళ్లిపోయాం.

కోరింగ మడ అడవుల్లో చెక్కల దారి మీద నడిచి, యానాం దగ్గర గౌతమి మీద వంతెన దాటి, ఓడలరేవులో ఒక రాత్రి, అంతర్వేదిలో ఒక రాత్రి. ఫిబ్రవరి 1న అంతర్వేది చేరాం. వారంలో స్వామి కల్యాణమని పందిళ్లు వేస్తున్నారు. సత్రంలో గది ఇచ్చారు. వశిష్ఠ గోదావరి నీళ్లు గోధుమరంగులో వచ్చి సముద్రపు నీళ్లను తాకే చోట నిజంగానే గీత గీసినట్టుంది.

తర్వాత సఖినేటిపల్లి రేవులో పంటు. మా కారు, రెండు ట్రాక్టర్లు, కొబ్బరికాయల వ్యాను, ముప్పై బైకులు, గేదె ఒకటి. నది మీద గాలి, ఇంజను చప్పుడు, పక్కన పెళ్లికి వెళ్తున్న ముసలమ్మ చేతిలో పూతరేకుల డబ్బా. పది పదిహేను నిమిషాల్లో నరసాపురం ఒడ్డు. చించినాడ వంతెన మీద వెళ్తే తేలికే, అయినా ఇంకోసారి వెళ్లినా పంటే ఎక్కుతాం.

గోదారి గట్టు
ఫిబ్రవరి 19, రాత్రి 9:57

భీష్మ ఏకాదశికి ముందూ వెనకా అయిదు రోజులు మాత్రం కారుతో ఆ రేవుకి రావద్దని అందరికీ చెప్తున్నాను. అంతర్వేది కల్యాణానికి లక్షల్లో జనం వస్తారు. మీరు మంచి సమయం చూసుకుని వచ్చారు. పేరుపాలెంలో ఆగారా?

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 20, సాయంత్రం 6:45

ఆగాం, ఇరుక్కున్నాం. మొగల్తూరు దాటాక తీరానికి వెళ్లే ఇసుక దారిలో ముందు చక్రాలు సగానికి దిగిపోయాయి. మావారు ఎక్సలేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగింది. రొయ్యల చెరువుల దగ్గర్నుంచి ట్రాక్టర్ తెచ్చారు. అయిదొందలు తీసుకున్నాడు, న్యాయమే. ఆ ట్రాక్టర్ అబ్బాయే నేర్పాడు: ఇసుకలోకి దిగే ముందే టైర్లలో గాలి 18, 20కి తగ్గించాలి, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని బరువు పంచుకుంటుంది. ఇరుక్కుంటే తొక్కడం ఆపేసి, చక్రాల ముందు ఇసుక తీసి, కొబ్బరి మట్టలు పరిచి, మెల్లగా రెండో గేరులో లాగాలి. రోడ్డెక్కగానే గాలి మళ్లీ పట్టించాలి. అందుకే చిన్న గాలి పంపు తప్పనిసరి. తిరిగొచ్చాక కారు కింది భాగం మంచినీళ్లతో రెండుసార్లు కడిగించాం, ఉప్పు తినేస్తుంది.

టెంట్ విషయం కూడా చెప్పి తీరాలి. ఒక ఆన్‌లైన్ షాపులో వాన తగలదని రాస్తే కొన్నాం. తెల్లవారేసరికి లోపలంతా చెమట పట్టినట్టు తడి. కుట్లలోంచి కారుతోందనుకున్నాను.

టెంట్ మిత్ర
ఫిబ్రవరి 20, రాత్రి 7:10

అది కుట్ల తప్పు కాకపోవచ్చు మేడం. ఇద్దరి ఊపిరిలో ఉండే తేమ రాత్రంతా చల్లటి గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ. చలి అని కిటికీలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువ. పైన గాలి రంధ్రాలు, గాలికి ఎదురు పక్క కింద కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. దోమతెర రెండు పక్కలా ఉండి, పై కప్పు లోపలి గుడ్డకు తగలకుండా విడిగా ఉండే రకం కొనాలి. టెంట్ లోపల మాత్రం ఎప్పుడూ వంట చేయొద్దు. మంట భయం ఒకటి, మూసిన చోట పొయ్యి వెలిగిస్తే విషవాయువు పేరుకోవడం ఇంకొకటి, వాసన కూడా తెలీదు.

దివిసీమ
ఫిబ్రవరి 20, రాత్రి 8:30

మా హంసలదీవి వచ్చారా అమ్మా?

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 20, రాత్రి 9:40

వచ్చాం బాబూ. బందరులో లడ్డూలు కొనుక్కుని, మంగినపూడి నల్లమట్టి తీరం చూసి వచ్చాం. చీకటి పడ్డాక సంగమం వైపు ఉండకూడదన్నారు. ఊళ్లో పెద్దాయన ఒకరు తుఫాను షెల్టర్ ఆవరణలో టెంట్ వేసుకోమన్నారు. రాత్రి ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నారు. 1977 నవంబర్ 19. ఆయనకప్పుడు పదకొండేళ్లు. తనను తాటిచెట్టుకు తువ్వాలుతో కట్టేసిన నాన్న తెల్లవారేసరికి లేడు. ఉప్పెన వచ్చిన వైపు చెయ్యి చూపించి ఊరుకున్నారు, ఇంకేమీ చెప్పలేదు. ఆ రాత్రి సముద్రం చప్పుడు నాకు వేరేలా వినపడింది.

పొద్దున్న వెళ్తుంటే "వానాకాలం, ఆ తర్వాత డిసెంబర్ దాకా ఇలా రావద్దు. వాయుగుండం ఉందంటే ఆ రోజే లోపలి ఊళ్లకు వెళ్లిపోండి" అని రెండుసార్లు చెప్పించుకున్నారు మాతో. ఆ మాట మీకూ చేరవేస్తున్నాను.

మోటుపల్లి గురించి మావారు రాస్తారట.

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 21, ఉదయం 7:15

నమస్తే. ఆమె భర్తను. చీరాల నుంచి ఒంగోలు వైపు వెళ్తూ మోటుపల్లి వెళ్లాం. మా ఓరుగల్లు రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అక్కడి వీరభద్రుడి గుడిలో స్తంభం మీద ఉంది. అంతకు ముందు తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు జప్తు చేసేవారు. ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్ల సొమ్ము తీసుకోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని రాయించాడు. మార్కోపోలో వచ్చింది కూడా ఈ రేవుకే. ఇప్పుడు అక్కడ ఓడలు లేవు, చిన్న ఊరు. హనుమకొండ నుంచి వచ్చామని చెబితే పూజారి గారు తలుపు తీసి, స్తంభం మీద వేలు పెట్టి అక్షరాలు చూపించారు. నూనె, పసుపు మరకల కింద చల్లగా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి వేయిస్తంభాల గుడి నీడలో పెరిగినవాణ్ణి. మా ఊరి మాట ఇంత దూరం వచ్చి సముద్రం ఒడ్డున నిలబడి ఉంటుందని అనుకోలేదు.

పోలీసుల సంగతి చాలామంది మెసేజ్‌లలో అడిగారు. తీరంలో మెరైన్ పోలీస్ స్టేషన్లుంటాయి. చేరగానే వెళ్లి పేరు, కారు నంబరు, ఎక్కడ ఉంటామో రాయించాం. రెండు చోట్ల వద్దన్నారు, లాడ్జిలో దిగాం. మిగతా చోట్ల రాత్రి బీట్‌కు వచ్చినప్పుడు హారన్ కొట్టి పలకరించి వెళ్లారు.

పెన్నా తీరం
ఫిబ్రవరి 21, ఉదయం 9:30

మా నెల్లూరు వైపు తొందరగా రాసేయకండి ప్లీజ్.

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 22, రాత్రి 8:50

అప్పటికే అలసిపోయామండీ, నిజం. కొత్తపట్నంలో ఒక రాత్రి, మైపాడులో ఒక రాత్రి. మైపాడులో చేపల పులుసు మామిడికాయతో. ఆ రుచి కోసం మళ్లీ వస్తాను. నేలపట్టులో గూడబాతుల గుంపులు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్‌లో రాజహంసలు. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు, దూరంగా గులాబీ రంగు గీత. కారు ఆపగానే ఆ గీత కదిలింది, మెడలు ఒక్కసారి లేచాయి. మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాం.

ఖర్చు అడిగారు. పెట్రోలు 13 వేలు దాటింది, లాడ్జీలు, సత్రాలు 9 వేలు, తిండి, మిగతావి 11 వేలు.

ఇప్పుడు నాదొక మనవి. బారువలో పులుసు తెచ్చిన ఆమె స్టీలు గిన్నె మా దగ్గరే ఉండిపోయింది. కడిగి పొద్దున్న ఇద్దామనుకున్నాను, వాళ్లు తెల్లవారుజామునే వేటకు వెళ్లిపోయారు, మా సామానులో కలిసిపోయింది. అడుగున కొడుకు పేరు చెక్కించి ఉంది, పెళ్లిలో వచ్చినదేమో. పరాయివాళ్ల గిన్నె ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు. సోంపేట తమ్ముడూ, కొరియర్ చేస్తే ఇవ్వగలవా?

సోంపేట కుర్రాడు
ఫిబ్రవరి 22, రాత్రి 9:02

తప్పకుండా అక్కా. అడ్రసు మెసేజ్ పెట్టాను. వట్టి గిన్నె పంపకండి.

హైవే 16
ఫిబ్రవరి 23, ఉదయం 8:10

పిన్‌లు అడిగింది నేనే. మాస్టారి జవాబు ఇంట్లో చదివి వినిపించాను. మార్చి మొదటి వారంలో మా ఆవిడతో కళింగపట్నం వెళ్తున్నా. టీకొట్టు దగ్గర ఎవరిని అడగాలో చెప్తే చాలండి.

ఓరుగల్లు దంపతులు
ఫిబ్రవరి 23, ఉదయం 8:45

లైట్‌హౌస్ దారిలో మొదటి టీకొట్టు. పడవలు ఒడ్డుకొచ్చేవేళ అక్కడే అందరూ ఉంటారు. బయల్దేరే ముందు చెప్పండి, నేను మాట్లాడతాను.

సోంపేట కుర్రాడు
మార్చి 14, రాత్రి 7:40

అక్కా, గిన్నె ఇచ్చేశాను. మీరు గిన్నెలో పెట్టి పంపిన సకినాలు ఏంటో తెలీక ఆమె మొదట అప్పడాలనుకుంది, రెండు తిని కొడుక్కి దాచింది. గిన్నె తిప్పి అడుగున పేరు చూసుకుని "ఇది పోయిందనుకున్నాను" అంది. మీరెళ్లాక గాలి ఎక్కువైందట, మీ టెంట్ ఎగిరిపోయిందేమోనని వాళ్లింట్లో అనుకున్నారట.

సాయంత్రం కంచె దగ్గరికి తీసుకెళ్లింది. మీరు చూసిన గూడు నిన్న రాత్రి పగిలింది. బుట్టలో తెచ్చి నీళ్లకు పదడుగుల ముందు వదిలారు, తమంతట తామే నడిచి వెళ్లాలట. అగ్గిపెట్టెంత కూడా లేవు ఒక్కోటి. ఒకటి వెనక్కి తిరిగి ఊరి లైట్ల వైపు నడిచింది. ఆమే వెళ్లి చీర కుచ్చెళ్లు అడ్డం పెట్టి సముద్రం వైపు తిప్పింది. ఫోటో తీయలేదు అక్కా, చీకటి. మీరు ఎప్పుడొస్తారని అడగమంది.